సున్నా చూపించిన డబ్బా

జులై 7, సోమవారం

ఆఫీసులో ఎవరికీ తెలుగు చదవడం రాదు. విజయ్‌కుమార్ సార్ పొద్దంతా తెలుగులోనే తిడతారు గాని, బస్సు మీది తెలుగు బోర్డు కూడా చదవలేరు. అందుకే ఇది తెలుగులో రాసుకుంటున్నాను. బడిలో నేను చదివింది మరాఠీ, ఇంగ్లిష్. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, ప్రార్థన పుస్తకం ఒళ్లో పెట్టుకుని. దాంతో నోటితో ఒకలా మాట్లాడతాను, చేత్తో ఇంకోలా రాస్తాను.

ఇవాళ మా కంపెనీ చేసిన ఆరు డబ్బాలూ బొగ్గు గనిలోకి దిగాయి. మూడు నెలల ట్రయల్. గాలిలో గ్యాస్ ఒకటింపావు శాతం దాటితే డబ్బా మోగాలి, ఆ చోట మిషన్లకు కరెంటు ఆగిపోవాలి. ఏడాదిన్నర పని.

సాయంత్రం బాపు అడిగాడు, "గా డబ్బాల నువ్వు చేసిందేంది బిడ్డా? బయటి పెట్టె ఎవలో చేసిరి, సెన్సర్ ఎక్కడి నుంచో వచ్చె."

"డప్పు దెబ్బ మీద అడుగేసినట్టు బాపు. లోపల ఒక్కో చిప్పుకు ఒక దెబ్బ పడుతుండాలె. దెబ్బ ఆగితే అది ఆడనే నిలబడిపోతది. ఆ దెబ్బను క్లాక్ అంటం. కరెంట్ రాంగనే ఎవలికి ముందు అందాలె, ఎవలికి తర్వాత అందాలె, అది నేను రాసిన."

"గిందుల ఏమంత కష్టమున్నది?"

"పెద్ద క్లాక్ లేవాల్నంటే కరెంట్ పంచే పవర్ చిప్పుకు చెప్పాలె. చెప్పాల్నంటే ఇద్దరి నడుమ ఉన్న తీగ పనిచెయ్యాలె. ఆ తీగకు కూడా క్లాకే కావాలె."

బాపు నవ్వాడు. ముప్పై ఏళ్లు గనిలో పంపు నడిపిన మనిషి. "పంపు నడవాల్నంటే పైపుల నీళ్లుండాలె, నీళ్లు రావాల్నంటే పంపు నడవాలె. మేము బకెట్‌తోని ముందుగాల నీళ్లు పోస్తుంటిమి. నీ బకెట్ ఏంది మరి?"

నా బకెట్ బూట్‌లోడర్. డబ్బాను నడిపే పెద్ద ప్రోగ్రాం కెర్నల్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రాం అదే. కొన్ని క్లాక్‌లు అదే ఆన్ చేసి ఇస్తుంది, నేను అక్కడి నుంచి అందుకుంటాను. ఆ మాటే చెప్పాను. సిలువయ్య గారికి, అంటే మా బాపుకు, నచ్చింది.

జులై 10, గురువారం

ఆరూ నడుస్తున్నాయి. నాతో పనిచేసే పల్లవి గనికి ఫోన్ చేసి కనుక్కుంది.

జులై 15, మంగళవారం

పని లేదు. ఊరికే కూర్చోలేక, క్లాక్‌లను నడిపే నా ప్రోగ్రాం, డ్రైవర్ ఫైలు, మళ్లీ మొదటి నుంచి చదివాను. మధ్యలో నేనే రాసిన మాట ఒకటి కనిపించింది. 'సెన్సర్ క్లాక్: బూట్‌లోడర్ ముందే ఆన్ చేసి ఉంచుతుంది. తర్వాత సరిచూడాలి.' మార్చిలో రాశాను.

బూట్ చివర్లో, అంటే డబ్బా పూర్తిగా లేచేముందు, కెర్నల్ ఒకసారి చుట్టూ చూసి, ఎవరూ అడగని క్లాక్‌లను ఆపేస్తుంది. సెన్సర్ కోసం ఎవరూ అడగడం లేదు, ఎందుకంటే ముందే ఆన్‌లో ఉంటుంది కదా అనుకున్నాను. సెన్సర్ డ్రైవర్ తొందరగా లేచి దాన్ని వాడుకోవడం మొదలుపెడితే ఏ ఇబ్బందీ లేదు. ఆలస్యంగా లేస్తే? లేవదు. నాలుగు వందలసార్లు బూట్ చేసి చూశాం.

సరిచూడాల్సింది ఏమీ లేదు.

జులై 16

నాలుగు వందల పన్నెండు. రిజిస్టర్‌లో చూశాను.

జులై 22, మంగళవారం

మూడో నంబరు డబ్బా.

ఉదయం షిఫ్టులో దాని తెర మీద 0.0 ఉంది. పచ్చ దీపం వెలుగుతోంది. కోత మిషన్ నడుస్తోంది. షిఫ్టులో భద్రత చూసే సర్దార్ అలవాటు కొద్దీ తన చేతి మీటరు పైకప్పు దగ్గర పెట్టి చూస్తే ఒకటిన్నర. అరిచి మిషన్ ఆపించాడు, పదకొండు మందినీ వెనక్కి తోలాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు.

గని వాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పట్టుకున్నారు. డబ్బా మోగితే పని ఆగుతుంది, పని ఆగితే పై వాళ్లు తిడతారు, అందుకని కొందరు సెన్సర్ తీగ విప్పేసే అలవాటు ఉందట. ఆ షిఫ్టులో డబ్బాలు చూసేది సమ్మయ్య కాక. బాపుతో పన్నెండేళ్లు పనిచేసినవాడు. మా ఇంటి వెనక రెండో గల్లీలోనే ఉంటాడు.

తీగ విప్పి ఉంటాడు. వేరే కారణం ఏముంటుంది?

జులై 24, గురువారం

డబ్బా వెనక్కి వచ్చింది. పల్లవీ నేనూ టేబుల్ మీద పెట్టి నలభైసార్లు ఆపి, ఆన్ చేశాం. టెస్ట్ గ్యాస్ వదిలితే ప్రతిసారీ సరిగ్గా 1.0 చూపించింది.

సార్ తలుపు దగ్గరే నిలబడ్డారు. "ఫాల్ట్ దొరికిందా?"

"లేదు సార్."

"మరి గదే రాయి. గని వాళ్లు మూడు రోజుల సంది అడుగుతుండ్రు."

రాశాను. పరికరంలో ఏ లోపమూ లేదు. కింద పూర్తి పేరుతో సంతకం. అబద్ధం ఏమీ రాయలేదు. దొరకలేదు, అందుకే లేదన్నాను.

జులై 27, ఆదివారం

చర్చిలో కూర్చున్నంతసేపూ కాలు ఊపుతూనే ఉన్నానట. బాపు మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

జులై 30, బుధవారం

గంగవ్వ చిన్నమ్మ వచ్చింది. సమ్మయ్య కాక భార్య. కొంగులోంచి ఒక కాగితం తీసి, "జర చదివి చెప్పు బిడ్డా. అంతా ఇంగ్లిషుల ఉన్నది. ఆయన చూడనే చూడడు, మూల పడేసిండు" అంది.

సస్పెన్షన్ కాగితం. ఆగస్టు 13న విచారణ. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ప్రాణాలకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యం. సెన్సర్ తీగను కావాలని విప్పినట్టు అనుమానం. చిన్నమ్మ ప్రతి వాక్యానికీ తల ఊపింది, అర్థమైనట్టు.

"ముట్టలేదు అంటున్నడు బిడ్డా. మొన్న ఈడికొచ్చి యేసయ్య ఫోటో ముంగట నిలబడి చెప్పిండు, మా దేవుడు కాకపోయినా. మీ దేవుని ముంగట చెప్తేనన్న మీ బాపు నమ్ముతడని."

బాపు అటు తిరిగి కూర్చున్నాడు.

"ఆ దినం ఇట్ల కరెంట్ పోయి అట్ల వచ్చిందట. కండ్లు మూసి తెరిచేంత. గంతే జరిగింది అంటున్నడు. ఇంకేం రాసిండ్రు బిడ్డా దాంట్ల?"

"గంతే చిన్నమ్మ. ఇంకేం లేదు."

ఇంకో వాక్యం ఉంది. అది చదవలేదు.

ఆగస్టు 1, శుక్రవారం

ఇవాళ వేరే పని పడింది.

ఆగస్టు 2, శనివారం

కండ్లు మూసి తెరిచేంత అంటే అర సెకను. మేం టేబుల్ మీద ఎప్పుడూ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, ఆన్ చేస్తాం. పవర్ చిప్పు పూర్తిగా చల్లారి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. అర సెకనులో అది సగం నిద్రలోనే ఉంటుంది. అలాంటప్పుడు దాని జవాబు ఆలస్యం కావచ్చు. దాని కోసం ఆగిన సెన్సర్ డ్రైవర్ కూడా ఆలస్యం కావచ్చు.

సోమవారం చూస్తాను. బహుశా ఏమీ ఉండదు.

ఆగస్టు 4, సోమవారం

టెస్ట్ గ్యాస్ పైపు సెన్సర్‌కు తగిలించి, స్విచ్ ఇలా ఆపి అలా వేయడం మొదలుపెట్టాను. 1.0. మళ్లీ 1.0. పల్లవి సోల్డరింగ్ చేసుకుంటూ నన్ను పట్టించుకోలేదు. పదిహేడోసారి తెర వెలిగింది, పచ్చ దీపం వచ్చింది, 0.0.

పల్లవి తల ఎత్తి చూసింది. "ఏమే, గ్యాస్ అయిపోయిందా?"

సిలిండర్ నిండుగా ఉంది. పైపు ఊడలేదు. తీగ ఊడలేదు.

డబ్బా లేచిన తీరును వరుసగా రాసుకునే లాగ్ తీసి చదివాను. పవర్ చిప్పు ఆలస్యంగా లేచింది. సెన్సర్ డ్రైవర్ దాని కోసం ఆగింది. ఈలోగా కెర్నల్ వచ్చి, ఎవరూ అడగని క్లాక్ అని సెన్సర్ క్లాక్ ఆపేసింది. తర్వాత సెన్సర్ డ్రైవర్ లేచి, క్లాక్ లేని చిప్పును విలువ ఎంత అని అడిగింది. చిప్పు సున్నా ఇచ్చింది. మంచి గాలిలో కూడా సున్నాయే ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు.

సాయంత్రానికి రెండు వందలసార్లు చేశాను. పదకొండుసార్లు 0.0.

ఆ రోజు కింద ఉన్నది కూడా పదకొండు మందే.

ఆగస్టు 5, మంగళవారం

సార్‌కు చెప్పాను. ఆ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"సరిచెయ్యగలవా?"

"వారం పడుతది సార్."

"చెయ్యి. అప్‌డేట్ అని పంపుదాం. ఆరు డబ్బాలకూ ఎక్కిద్దాం."

"సమ్మయ్య కాక విచారణ ఉంది సార్ పదమూడున."

"ఏమైతది? వార్నింగ్ ఇచ్చి వదిలేస్తరు. గనులల్ల ఇసొంటివి మస్తు చూసిన నేను. నువ్వు పోయి మాదే తప్పు అంటే, మళ్ల మన డబ్బాను గని గేటు కూడా దాటనియ్యరు. ఇక్కడ పద్నాలుగు మంది పనిచేస్తుండ్రు హెలెన్. డబ్బా బాగుపడుతది, ఆయన నౌకరి ఆయనకొస్తది. ఇంకేం కావాలె నీకు?"

సార్ అన్నదాంట్లో తప్పు లేదు. ముఖ్యం డబ్బా బాగుపడడం.

ఆగస్టు 6

డ్రైవర్‌ను రెండు ముక్కలు చేస్తున్నాను. టైమర్‌కూ, పవర్ చిప్పు తీగకూ కావాల్సిన క్లాక్‌లు మాత్రమే మొదట్లో. మిగతావి పవర్ చిప్పు లేచాక. సెన్సర్ తన క్లాక్‌ను తానే అడిగి తీసుకోవాలి, పట్టుకుని ఉండాలి. ఇంకొకరు ఆన్ చేసి ఉంచుతారని ఎక్కడా అనుకోకూడదు.

మార్చిలోనే చేసి ఉంటే రెండు రోజుల పని.

ఆగస్టు 8, శుక్రవారం

వెయ్యిసార్లు. ఒక్కటి కూడా పోలేదు. సంతోషం కలగలేదు.

వార్నింగ్ ఇచ్చి వదిలేస్తారు.

ఇంటికి వచ్చేసరికి బాపు అన్నాడు, "సమ్మయ్య లక్కడ్‌కోట్ పోయిండట, తమ్ముని ఇంటికి. ఈడ మనుషులకు మొఖం చూపెట్టలేకపోతుండు. చాయ్ హోటల్‌ల ఎవలో అన్నరట, పదకొండు మందిని చంపబోయినవు గద అని."

నేను వంటింట్లోకి వెళ్లి నీళ్ల కుళాయి తిప్పి నిలబడ్డాను.

ఆగస్టు 10, ఆదివారం

చర్చి మానేసి రాజురా బస్సు ఎక్కాను. అక్కడి నుంచి లక్కడ్‌కోట్‌కు జీపు. వాన. బస్సులో కూర్చున్నంతసేపూ మాటలు సిద్ధం చేసుకున్నాను, దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

సమ్మయ్య కాక తమ్ముడి ఇంటి ముందు పాత మోటారు ఒకటి విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి కంగారుపడి లేచాడు. "మీ బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు కాక. నేను మీతోనే మాట్లాడాలె."

చెప్పాను. మార్చిలో రాసిన ఆ మాట దగ్గర మొదలుపెట్టి, పదిహేడోసారి వచ్చిన సున్నా వరకు. చిన్నమ్మకు చదివి వినిపించని వాక్యం కూడా చెప్పాను. పరికరంలో ఏ లోపమూ లేదని తయారీదారు ఇంజనీరు ధ్రువీకరించారు. దాని పక్కనే నా పేరు.

కాక చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"సోమవారం నుంచి."

"ఇయ్యాల ఐతారం."

"అవును కాక."

"ఆరు దినాలు." వేళ్ల మీద లెక్కపెట్టలేదు, అడగలేదు, ఊరికే అన్నాడు. "నేను తీగ ముట్టలే, తీగ ముట్టలే అని కనబడ్డోనికల్లా చెప్పిన. ఎవడు నమ్మలే. ఆఖరుకు నాకే అనుమానమయ్యింది బిడ్డా. ముట్టిన్నా ఏంది, మర్చిపోయిన్నా అని. రాత్రులు నిద్రలేక అదే సోంచాయించిన. ముప్పై ఏండ్ల పనిల నా చెయ్యి మీద నాకు షక్ వచ్చింది."

క్షమించమని అడగాలని వచ్చాను. అడగలేదు.

"పో ఇగ," అన్నాడు. "ఆఖరు జీపు పోతది." కోపంగా అనలేదు. అలా అన్నందుకే జీపులో ఏడ్చాను.

ఆగస్టు 11, సోమవారం

సార్‌కు చెప్పేశాను, బుధవారం విచారణకు వెళ్తున్నానని. "నిన్నెవలు పిలిచిండ్రు?" అని అరిచారు. ఎవరూ పిలవలేదన్నాను. "పద్నాలుగు మంది" అన్నారు మళ్లీ. ఆ పద్నాలుగు మందిలో పల్లవి కూడా ఉంది. తను లాగ్ కాగితాలన్నీ ప్రింట్ తీసి, వరుసగా పెట్టి, పిన్ను కొట్టి నా టేబుల్ మీద పెట్టింది.

బాపుకూ చెప్పాను. "సంతకం చేసేముందు సమ్మయ్యను ఒక్కమాట అడగకపోతివి" అన్నాడు. అంతే. దాని తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం.

ఆగస్టు 13, బుధవారం

గని ఆఫీసు. వరండాలో బెంచీ మీద సమ్మయ్య కాక, చిన్నమ్మ. ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. చిన్నమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. కాక చెప్పినట్టున్నాడు.

లోపలికి పంపరన్నారు. పిలుపు కాగితం లేదు కదా. సంతకం చేసిన ఇంజనీరును నేనే, ఆ సంతకం వెనక్కి తీసుకోవడానికి వచ్చాను అని చీటీ రాసి పంపాను. పది నిమిషాలకు పిలిచారు.

ముగ్గురు అధికారులు. లాగ్ కాగితాలు ఇచ్చాను గాని వాళ్లకు అర్థం కాలేదు. అప్పుడు మూడో నంబరు డబ్బానే, పాత ప్రోగ్రాంతో, టేబుల్ మీద పెట్టి, టెస్ట్ గ్యాస్ తగిలించి స్విచ్ ఆడించడం మొదలుపెట్టాను. ఆరుసార్లు 1.0. పదిసార్లు. ఇరవైసార్లు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. నా చెమట చుక్కలు టేబుల్ మీద పడ్డాయి. ముప్పై ఒకటోసారి 0.0 వచ్చింది.

పచ్చ దీపంతో.

మధ్యలో కూర్చున్న పెద్దాయన ముందుకు వంగి, "తీగ బాగానే ఉందిగా?" అని మరాఠీలో అడిగాడు. మీరే చూడండి అన్నాను. చూశాడు. తర్వాత సమ్మయ్య కాకను పిలిపించి, ఆయనకు కూడా చూపించాడు. కాక ఆ సున్నాను చాలాసేపు చూశాడు.

అప్పుడు తలుపు దగ్గర సార్ కనిపించారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. నన్ను చూడకుండా నేరుగా టేబుల్ దగ్గరికి వెళ్లి, కంపెనీ తరఫున కొత్త రిపోర్టు ఇస్తామని, పాతది రద్దు అని చెప్పి, అక్కడే రాసి సంతకం పెట్టారు.

ఆగస్టు 18, సోమవారం

సమ్మయ్య కాక డ్యూటీ ఎక్కాడు. గనిలో మిగిలిన మా ఐదు డబ్బాలూ బయటికి వచ్చేశాయి. ట్రయల్ రద్దు. నా ప్రాజెక్టు పల్లవికి ఇచ్చారు. నేను ఆమె కింద పనిచేస్తాను. పల్లవి బాగా చేస్తుంది.

ఆగస్టు 23, శనివారం

సమ్మయ్య కాక ఇంటికి వచ్చాడు. బాపు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. వాకిట్లో నిలబడే నాతో అన్నాడు:

"గా దినం ఆఫీసుల చూసిన సంది ఒకటే అడగాలనుకుంటున్న. సెన్సర్ పనిచేస్తలేదని డబ్బాకు తెల్వదా?"

"అడిగితే తెలుస్తది కాక. నేను అడగనియ్యలే."

"మరి తెల్వనప్పుడు సున్నా ఎందుకు చెప్తది? సున్నా అంటే గ్యాస్ లేదని. మేము దాన్ని చూసుకొనే లోపలికి పోతం. తెల్వకపోతే తెల్వదని చెప్పమను బిడ్డా. చేతి మీటర్‌తోని మేమే చూసుకుంటం."

క్లాక్ సరిచేశాను, వరుస సరిచేశాను, వెయ్యిసార్లు బూట్ చేశాను. ఇది మాత్రం తోచలేదు.

"గని సార్లు నన్ను అడిగిండ్రు," అన్నాడు వెళ్తూ. "మళ్ల ఒక్క డబ్బా పెట్టి చూద్దామా అని. గిది చేస్తే పెట్టుండ్రి అన్న."

బాపు ఇచ్చిన చాయ్ నిలబడే తాగాడు.

సెప్టెంబర్ 4, గురువారం

ఉదయం షిఫ్టులో, కాక చెప్పినట్టు మార్చిన డబ్బాతో నన్ను కిందికి పంపడానికి అనుమతి వచ్చింది. హెల్మెట్, నడుముకు బ్యాటరీ, కాళ్లకు పెద్ద బూట్లు. ముందు సమ్మయ్య కాక, వెనక నేను. వాలు దారి దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. కాక ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, కాని నీళ్లు నిలిచిన ప్రతిచోటా లైటు కిందికి వంచి ఆగాడు.

కోత జరిగే చోట ఎనిమిది మంది ఉన్నారు. డబ్బా బిగించాం. కాక స్విచ్ దగ్గరికి వెళ్లి, "చూడుండ్రి" అని అరిచి, ఆపి, వెంటనే వేశాడు. కండ్లు మూసి తెరిచేంత.

తెర వెలిగింది. అంకె లేదు. రెండు అడ్డగీతలు. దీపం పచ్చగా లేదు, పసుపు.

ఎవరో అడిగారు, "ఏందది? కరాబయిందా?"

"లేదు," అన్నాడు కాక. "దానికింకా తెల్వదట. ఆగుండ్రి."

నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పవర్ చిప్పు లేస్తోంది. తీగ లేచింది. సెన్సర్ ఆగి ఉంది. పది సెకన్లు. ఇరవై. మిషన్ నడిపే అతను చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ముప్పై. ఒకరు దగ్గారు. ఎనిమిది లైట్లూ ఆ రెండు గీతల మీదే ఉన్నాయి.

ముప్పై ఎనిమిదో సెకనులో 0.3 వచ్చింది.

కాక తన చేతి మీటరు పైకెత్తి పైకప్పు దగ్గర పెట్టాడు, చూశాడు, నా వైపు తిప్పి చూపించాడు. 0.3.

"ఇగ నడుపు," అన్నాడు మిషన్ అతనితో.